ఏడ్చి పలకరించే ఇల్లు

నా అతితెలివి సంగతి ఒకటి చెప్పాలి. బహ్రెయిన్‌లో ఉన్న రోజుల్లో, ఈసా టౌన్‌లోని ఒక బడి తరఫున పిల్లల ఇళ్ళకు వెళ్ళి మంచిచెడ్డలు కనుక్కుని రాయడం నా పని. చేతిలో ఫారం ఉంటే చాలు, నేనేదో కలెక్టర్నన్నట్టు నడిచేదాన్ని.

రెండో క్లాసు లంబాడీ పిల్ల ఒకతి మూడు రోజులు బడికి రాలేదు. వాళ్ళది నిజామాబాద్ వైపు తండా, తండ్రి సిత్రాలో ఫోర్‌మన్. రిఫాలో వాళ్ళ మెట్లెక్కుతుంటేనే ఏడుపు వినిపించింది. తలుపు తీసే ఉంది. పిల్ల తల్లీ, ఇంకో ఆవిడా ఒకరినొకరు వాటేసుకుని రాగం తీసి ఏడుస్తున్నారు. నన్నెవరూ చూడలేదు. అడగడమెందుకు, అన్నీ తెలిసినదాన్ని కదా! ఇంట్లో ఆడవాళ్ళను కొడుతున్నారని అనుమానమంటూ మెట్ల మీదే రాసిపారేసి, ఫారం ఆఫీసులో ఇచ్చేశాను.

మర్నాడు పిల్ల బడికొచ్చింది. "మీ ఇంట్లో ఎవరు కొట్టారమ్మా?" అని గుసగుసగా అడిగాను.

"కొట్టుడేంది టీచర్? నాకు జరమొచ్చిందని మా మేనత్త మనామా నుంచి వచ్చింది. ఆడ ఇంటిపనిల సెలవియ్యరు, రెండేండ్లకు కలిసిర్రు. మాతాన గట్లనే ఏడుస్తరు. ఏడ్వకుంటే పాయిరం లేదు, ప్రేమ లేదంటరు."

ఆఫీసుకు పరుగెత్తాను. ఇన్‌ఛార్జి మేడం అప్పటికే ఆ ఫారాన్ని పిల్ల తండ్రి కఫీల్‌కు, అంటే అతన్ని పనికి తెచ్చుకున్న యజమానికి, పంపబోతోంది. వీసాలన్నీ ఆ కఫీల్ చేతిలోనే. గొడవెందుకని అతగాడు తల్లినీ పిల్లనీ విమానమెక్కించాడా, పిల్లకు ఈ బడి ఖలాస్.

"తప్పు రాశానండీ. అది పలకరింపట," అన్నాను.

"ఏడుపు పలకరింపా? నా చెవిలో పువ్వులు పెడుతున్నావా?"

"పోనీ, వచ్చి మీరే చూడండి."

సాయంత్రం మేడం పిల్ల వాళ్ళింటి సోఫాలో జడ్జిలా కూర్చుంది. మేనత్త మనామా వెళ్ళిపోయింది. నేను పిల్ల తల్లిని వంటింట్లోకి లాగి, నా నిర్వాకం చెప్పి, "నన్ను పట్టుకుని కాస్త ఏడవవా తల్లీ," అని బతిమాలాను.

ఆమె మొహం పాలిపోయింది. "ఒక్క మాట అడగరాదా టీచర్?" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. మళ్ళీ ఆమే, "ఉత్తగ ఎట్లొస్తది ఏడుపు? మనోళ్ళయితేనే వస్తది. మీ అక్కజెల్లెండ్లను చూసి ఎన్నేండ్లయింది?" అని అడిగింది.

"మా అక్కను చూసి నాలుగేళ్ళు."

"అయితే నన్నే అక్కననుకో," అని హాల్లోకి తీసుకొచ్చి, మేడం ముందే నన్ను వాటేసుకుని రాగం ఎత్తుకుంది. నేను నటిద్దామనే మొదలుపెట్టాను. ఎక్కడ దాక్కుందో ఏమో, నాలుగేళ్ళ బెంగ ఒక్కసారిగా తన్నుకొచ్చింది. ముక్కు చీదుకుంటూ, శ్రుతీ లయా లేకుండా బావురుమన్నాను. మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంది, వెంట తెచ్చిన ఫారం నాలుగు ముక్కలు చేసింది.

పిల్ల బిస్కెట్ నములుతూ నా వైపు జాలిగా చూసింది. "టీచర్, నీకు ఏడ్వరాదు. మా అమ్మ నేర్పుతది, మళ్ళ రా."

మళ్ళీ వెళ్ళాను. ఈసారి ఫారం లేకుండా.