మన దిక్కు సంగతి

వేడి ప్లాస్టిక్ వాసనకు చాలామందికి తలనొప్పి వస్తుంది. నాకు మాత్రం కరీమా ఆపా పక్కన వచ్చి నిలబడినట్టు ఉంటుంది. సుల్తాన్‌పూర్‌లోని మా కొత్త బిల్డింగులో గాలిని కూడా వడగట్టి లోపలికి వదులుతారు, ఏ వాసనా బయటికి రాదు. మొన్న ఏదో మరమ్మతుకని మెషిన్ల గది తలుపు తీసి పెట్టారు. వరండాలో టీ తాగుతున్న నాకు ఆ వాసన గుప్పున కొట్టింది. గ్లాసు చల్లారిపోయేదాకా అక్కడే నిలబడిపోయాను.

కంపెనీ పాశమైలారంలో ఒక్క రేకుల షెడ్డుగా ఉన్నప్పుడు నేను కాంట్రాక్టు మీద చేరాను. సెలైన్ ఎక్కించే సన్న గొట్టాలు చేసేవాళ్లం. అక్కా అన్నట్టు అందరం ఆపా అని పిలిచే ఆమె మా ఇన్‌చార్జి. సదాశివపేటలో వాళ్లకు గాజుల దుకాణం ఉండేది. గల్లా దగ్గర కూర్చోలేక ఫ్యాక్టరీకి వచ్చిన మనిషి. ఆమెది వెన్నలాంటి మనసని రాస్తే నాకే నవ్వొస్తుంది. మనసు మాట ఎలా ఉన్నా, ఆమెకు కోపమొస్తే షెడ్డంతా గప్‌చుప్. ఆమె పెట్టిన పద్ధతి ఒకటుండేది. షిఫ్టు మారేటప్పుడు దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ మెషిన్ దగ్గర ఎదురెదురుగా నిలబడాలి. ఎవరైనా ముందు తమ వల్ల ఏం చెడిందో చెప్పాలి, అవతలివాళ్ల తప్పు ఎత్తకూడదు. చేరిన కొత్తలో నేను, పోయిన షిఫ్టువాళ్లు బ్లేడు మొద్దు చేసి వెళ్లారని మొదలుపెట్టాను. ఆపా చేయి అడ్డం పెట్టింది.

"వాళ్ల ముచ్చట వాళ్లు చెప్తరు. నీ దిక్కు ఏమైందో అది చెప్పు బిడ్డా."

అందరి ముందూ నా ముఖం మాడిపోయింది. రెండు రోజులు ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు.

కంపెనీ పెరిగింది. సుల్తాన్‌పూర్‌లో బిల్డింగు లేచింది. గొట్టం మా దగ్గర తయారై, కొసలకు కనెక్టర్లు అతికించడానికి అక్కడికి వెళ్లేది. వాళ్లకు ఏసీ, తెల్లకోట్లు. మాకు రేకుల కింద ఉక్కపోత. చూస్తుండగానే మేము షెడ్డోళ్లం, వాళ్లు బిల్డింగోళ్లు అయిపోయాం. నిన్నటిదాకా ఒకే డబ్బాలో పచ్చడి పంచుకున్నవాళ్లం ఎదురుపడితే ముఖాలు తిప్పుకునేవాళ్లం. సరుకు కోసం వాళ్ల వ్యాను వచ్చి హారన్ కొడితే మాకు ఒళ్లు మండేది. షెడ్డోళ్లు ఆలస్యం చేశారన్న మాట రాకూడదని ఉరుకులు పరుగులు పెట్టేవాళ్లం.

ఆ రోజుల్లోనే గొట్టాలు అతుకుల దగ్గర కారుతున్నాయని ఆసుపత్రుల నుంచి సరుకు వాపసు వచ్చింది. జనరల్ మేనేజర్ రెండు దిక్కులవాళ్లనూ పిలిపించాడు. తప్పు ఏ దిక్కుదని తేలితే ఆ దిక్కు కాంట్రాక్టు మనుషులను ఆపేస్తానని కూర్చోకముందే చెప్పాడు. షెడ్డులో ఆపా తప్ప అందరం కాంట్రాక్టే. మా ఆయనకు పని లేని రోజులవి. ఆ నౌకరీ పోతే పొయ్యి ఎలా వెలుగుతుందో నాకు తెలియదు.

బిల్డింగు లైన్ లీడర్ ప్రవీణ్ గొట్టాలే బాగాలేవన్నాడు. మావాళ్లు మీకు అతకడమే రాదన్నారు. మాటకు మాట పెరిగింది. అప్పుడు ఆపా లేచింది. ఇక ప్రవీణ్‌ను కడిగేస్తుందని లోలోపల సంబరపడ్డాను.

"మా దిక్కు సంగతి చెప్త సార్. గొట్టం నీళ్లల్ల చల్లారకముందే చుట్టలు చుట్టినం. వేడి మీద చుడితే కొసలు అణుగుతయి, గుండ్రంగ ఉండయి. వ్యాను వచ్చింది, జల్దీ చుట్టుండ్రి అన్నది నేనే."

పర్మనెంటు మనిషి, ఈమెకేం పోయింది, మా నోట మట్టి కొట్టింది కదా అనుకున్నాను. చివరికి ప్రవీణ్ నోరు విప్పాడు.

"కొసలు అణిగినయని మాకు ఎర్కనే సార్. గమ్ము ఎక్కువ పెట్టి అతికించినం. ఫోన్ చేసి చెప్తే షెడ్డోళ్ల ముందు తక్కువైతమని చెప్పలే."

ఏ దిక్కువాళ్లను ఆపాలో మేనేజర్‌కు తోచలేదు. మమ్మల్నెవరినీ తీసేయలేదు. ఆపాను మాత్రం ఇన్‌చార్జి పని నుంచి తప్పించి ప్యాకింగ్‌కు పంపాడు. ఆ సాయంత్రం షేర్ ఆటోలో ఆమె పక్కనే కూర్చున్నాను. ఊరుకుంటే నీ పదవి నీకు ఉండేది కదా అని అడిగాను. ఆపా బయటికి చూస్తూ జవాబిచ్చింది.

"ఉండేది. రేపటి సంది మీరెవరన్న నాకు నిజం చెప్తుంటిరా?"

ఆమె ప్యాకింగ్‌లోనే రిటైరైంది. పోయిన ఏడాది సదాశివపేటలో కన్నుమూసింది. ఇప్పుడు షెడ్డు పనీ బిల్డింగులోకే వచ్చింది, అక్కడ ఒక లైను నా చేతిలో ఉంది. మీటింగుల్లో ఒక్కో డిపార్ట్‌మెంటు పక్క డిపార్ట్‌మెంటు తప్పులను రంగురంగుల బొమ్మలుగా తెర మీద చూపిస్తుంది. అక్కడ మా లైను తప్పు ముందు చెప్పాలని లేస్తే నాకు కాళ్లలో వణుకు పుడుతుంది. ఆపాకు ఉన్న ధైర్యం మనకెక్కడిదిలే అని నన్ను నేను తిట్టుకునేదాన్ని.

పోయిన ఏడాది ఆమెను చివరిసారి చూసి సదాశివపేట నుంచి తిరిగి వస్తుంటే ప్రవీణ్ ఒక మాట చెప్పాడు. ఆనాడు మేనేజర్ గదిలో అతను ఆమెకు సరిగ్గా ఎదురుగా కూర్చున్నాడట. మాట్లాడుతున్నంతసేపూ చున్నీ కొస పట్టుకున్న ఆపా చేతులు గడగడ వణికాయట. అవి చూశాకే తనకు నోరు పెగిలిందన్నాడు. అప్పటి నుంచి నేను వణుకు తగ్గేదాకా ఆగడం మానేశాను. వణుకుతూనే లేస్తున్నాను.