దిగుమన్న మలుపు

షుగరు మొదలైందని డాక్టరు చెప్పినంక గేర్ల సైకిల్ కొనుక్కున్న. నాకు నలభై ఏడేండ్లు. వికారాబాద్‌ల ఒక జూనియర్ కాలేజీల లెక్చరర్‌గ చేస్తున్న. రోజూ పొద్దున అనంతగిరి గుట్ట మొదలు దాక తొక్కి, అక్కడ జరసేపు నిలబడి, మర్లి వచ్చేటోణ్ణి. ఎక్కుడు నాతోని కాకపోయేది. స్టాఫ్‌రూమ్‌ల మాత్రం రోజూ గుట్ట మీదికి పోతున్ననని చెప్పిన. ఒకసారి చెప్పినంక, వాళ్లు అడిగినప్పుడల్ల అదే చెప్పుకుంట వచ్చిన.

నా భార్యది బంట్వారం దిక్కు ఊరు. హైస్కూలుకు రోజూ సైకిల్ మీదనే పోయి వచ్చేదట. పెండ్లయి ఇరవై రెండేండ్లయినా ఆమె తొక్కంగ నేను ఒక్కనాడు చూడలే. మా బిడ్డ హాస్టల్ల చేరినంక దాని సైకిల్ మెట్ల కింద పడి ఉండె. ముందట బుట్ట, గేర్లు లేవు. ఒక శనివారం సాయంత్రం ఆమె దాన్ని బయటికి తీసి తుడిచి, తనే నడిపించుకుంట పోయి గాలి కొట్టించుకొచ్చింది.

"రేపు నేను గూడ వస్త" అన్నది.

"గుట్ట ఎక్కాలె. నీతోని అయితదా?"

"చూస్త. కాకుంటె మర్లి వస్త."

తెల్లారి ఇద్దరం బయలుదేరినం. రాత్రి వాన కొట్టి వెలిసింది. ఆకుల మీది నీళ్లు ఇంక రాలుతనే ఉన్నయి. తాండూరు పోయే బస్సు ఒకటి మమ్మల్ని దాటి పోయినంక రోడ్డు మీద ఎవ్వరు లేకుండె. మొదటి మలుపు దాక నేను ముందట ఉన్న. రెండో మలుపుకు వచ్చేవరకు ఊపిరి అందలే. అన్నిటికన్న తేలిక గేరు వేసినా కాళ్లు తిరుగుత లేవు.

వెనకకెల్లి ఆమె వచ్చింది. చున్నీ నడుముకు కట్టుకొని, సీటు మీద కూసోకుండ లేచి నిలబడి, తొందర లేకుండ తొక్కుతున్నది. నన్ను దాటేటప్పుడు ఇటు తిరిగి నవ్వింది. నన్ను గెలిచినట్టు నవ్వలే. పొద్దు ఎంత మంచిగున్నదో చూడు అన్నట్టు నవ్వింది. ఆ నవ్వు నేను అంతకు ముందు చూసినట్టు యాది లేదు.

నేను దిగిన. ఆమె ఇరవై గజాలు ముందుకు పోయింది. ఆ ఆదివారం మా కాలేజీ వాళ్లు పైన నడువనీకె వస్తున్నరని నాకు తెలుసు. ఆమె ముందు ఎక్కి పోయి, వెనక నేను సైకిల్ నూకుకుంట పోతె వాళ్లేమనుకుంటరో అన్నదే నా మనసుల ఉన్నది.

"దిగు" అని పిలిచిన.

ఆమె కాలు కింద పెట్టి తిరిగి చూసింది. "ఏమైంది?"

"చున్నీ చక్రంల పడ్తది. పైన మనోళ్లంత ఉంటరు. దిగి నడువు."

చున్నీ గట్టిగనే కట్టి ఉన్నది. ఆమె దాన్ని చూసుకున్నది, నా మొకం చూసింది, దిగింది.

ఇద్దరం నడిచినం. పైకి వచ్చేసరికి ఎత్తు తగ్గింది. అక్కడ నేను మళ్ల ఎక్కి, ఆమెను వెనక ఇడిచిపెట్టి తొక్కుకుంట పోయిన. టీ డబ్బా కాడ మా ఫిజిక్స్ సార్ నిలబడి ఉన్నడు.

"తొక్కుకుంటనే వచ్చినవా సార్? మస్తు దమ్మున్నది నీకు" అన్నడు.

కొంచెంసేపటికి ఆమె సైకిల్ నూకుకుంట వచ్చింది. "వదినె గూడ వచ్చిందా" అని ఆయన నవ్విండు.

"రెండో మలుపు కాడనే దిగింది. ఆడోళ్లకు ఈ గుట్ట కష్టం" అన్న. ఆమె నా పక్కనే ఉంది.

ఆమె సైకిల్‌కు స్టాండ్ వేసింది. "అవునన్నా, నాతోని కాలే" అని టీ గ్లాసు అందుకున్నది.

తర్వాతి ఆదివారం పిలిస్తె మోకాలు నొస్తున్నదన్నది. ఆ మోకాలితోనే దినమంత మెట్లెక్కి దిగంగ నేను చూసిన. మళ్ల పిలువలే.

నెల దాటినంక కాలేజీల పిల్లలకు వ్యాయామం మీద రెండు మాటలు చెప్పుమని ప్రిన్సిపాల్ నన్ను నిలబెట్టిండు. రోజూ దిగకుండ గుట్ట ఎక్కుతున్ననని చెప్పిన. పిల్లలు చప్పట్లు కొట్టిన్రు. మోమిన్‌పేట్ నుంచి బస్సుల వచ్చే ఒక అమ్మాయి లేచి, "సార్, ఆడపిల్లలు గూడ దిగకుండ ఎక్కొచ్చా?" అని అడిగింది. నిజం చెప్పనీకె అంతకన్న మంచి సమయం రాదు. "ప్రయత్నం చేయాలె" అని కూసున్న. ఆ అమ్మాయి నా మాట పుస్తకంల రాసుకున్నది.

ఆ మధ్యాహ్నం ఫిజిక్స్ సార్‌కు ఉన్నదున్నట్టు చెప్పిన. మా ఆమె నన్ను దాటి పోయిందని, నేనే దిగుమన్ననని. ఆయన నవ్వి, "ఇంట్ల వదినె గట్టిగ తగులుకున్నట్టుంది" అన్నడు. ఎంత చెప్పినా నమ్మలే.

సాయంత్రం ఇంటికి పోయి ఆమెకు చెప్పిన. ఆమె చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్నది. చేతులు ఆపలే.

"ఆయన నమ్మితె ఏంది, నమ్మకుంటె ఏంది" అన్నది. ఇంకో కాయ అందుకొని, "నాకు నీ మీద కన్న నా మీదనే కోపం. చున్నీ కట్టి ఉన్నదని తెలిసి గూడ దిగిన. ఎందుకు దిగాలె అని ఒక్క మాట అడగకపోతి" అన్నది.

ఆమె నన్ను తిట్టి ఉంటె నేను ఏదో ఒకటి అనేటోణ్ణి. తప్పు నాదైతె ఆమె తనను తాను తిట్టుకుంటుంటె, అక్కడ కూసోలేక లేచి వాకిట్లకు పోయిన.

ఆ ఆదివారం ఆమె పొద్దుగల్లనే సైకిల్ బయటికి తీసింది. నేను బూట్లు వేసుకుంటుంటె చూసి, "నువ్వు రాకు" అన్నది. గొంతుల కోపం లేదు. బూట్లు ఇడిచి కూసున్న.

ఎనిమిది దాటినంక వచ్చింది. మొకమంత చెమట. నీళ్లు తాగి, తలకు నూనె పెట్టుకుంట కూసున్నది. అప్పటిసంది ప్రతి ఆదివారం పోతున్నది. ఎంత దూరం పోతున్నవని నేను అడగలే. అడిగితె చెప్తది, నాకు తెలుసు. అడిగే మొకం నాకింక రాలే.