సిరా కార్డు, పెన్సిల్ కార్డు

నిన్న మా ఇంట్లో చక్కెర పొంగలి చేశారు. పచ్చకర్పూరం కాస్త ఎక్కువైంది. గిన్నె మూత తీయగానే ఆ వాసన తగిలి, చెంచా పట్టుకుని అలాగే ఉండిపోయాను. "ఏంది అట్ల వాసన చూస్తా కూర్చున్నారు? తినండి, చల్లారిపోతాది," అంది నా భార్య. నాకు గుర్తొచ్చింది ఒక బిస్కెట్ల రేకు డబ్బా. మా అలమేలు మేడమ్ తన పరిశోధన కార్డులు అందులో దాచుకునేవారు. పురుగు పట్టకుండా పచ్చకర్పూరం పలుకొకటి గుడ్డలో చుట్టి లోపల వేసేవారు. తిరుపతిలో ఆమె దగ్గర పరిశోధన చేసిన వాళ్లకు ఆ డబ్బా మూత తెరుచుకుందంటే తప్పేదో దొరికినట్లే లెక్క.

మేడమ్ చరిత్ర ప్రొఫెసరు. వాళ్ల నాయన గుడిలో పాశురాలు చదివే కైంకర్యం చేసేవారు. నేను పూతలపట్టు దగ్గర సేద్యం చేసుకునే ఇంటి నుంచి వచ్చి, ఒక కాలేజీలో తాత్కాలిక లెక్చరరుగా పనిచేస్తూ ఆమె దగ్గర చేరాను. పులికాట్ ఒడ్డు నుంచి చిత్తూరు వైపు ఉప్పు బండ్లు ఏ దారిన వచ్చేవన్నది నా విషయం. మొదటి వ్యాసం టైపు చేయించి తీసుకుపోతే ఆమె నేరుగా చివరి పేజీ తిప్పారు.

"వ్యాసం చదవరా మేడమ్?" అన్నాను.

"చదువుతాలే అప్పా. ముందు ఎవరెవరి ఇండ్లలో తినొచ్చినావో చూడనీ."

ఆధారాల జాబితా మీద ఆమె వేలు మెల్లగా దిగుతూ ఒకచోట ఆగింది. "ఈ పుస్తకం చూసినావా?"

"లేదు మేడమ్. అందరూ ఇచ్చినారు కదా అని..."

"అందరూ ఇచ్చినారంటే అందరూ చూసినారనా? ఒకడు చూసింటాడు. వాడన్నా చూసినాడో లేదో!"

ఆ రోజే ఆమె పద్ధతి తెలిసింది. ఒక్కో పుస్తకానికి ఒక్కో కార్డు. రచయిత పేరు, సంవత్సరం, పుస్తకం పేరు, అచ్చయిన ఊరు, పేజీ. ఆ పేజీని మన కళ్లతో చూసి ఉంటే సిరాతో రాయాలి. ఇంకొకరి జాబితాలోంచి ఎత్తుకున్నదైతే పెన్సిల్‌తో రాయాలి. పెన్సిల్ కార్డు ఒక్కటి మిగిలినా వ్యాసం పత్రికకు పోకూడదు. కామాలు, చుక్కలు కూడా పత్రిక అడిగిన తీరులోనే ఉండాలి. ఇంత పట్టింపు దేనికని ఒకసారి గొణిగాను. ఆమె కోప్పడలేదు. "మా నాయన పాశురం ఎత్తుకునే ముందు తనియన్ చెప్తాడు. ఇది ఫలానా వారు పాడింది, వారికి నమస్కారం అని. అది చెప్పకుండా నోరు తెరవడు. మనం చివరి పేజీలో చేసేదీ అదేనప్పా. నమస్కారం పెట్టేటప్పుడు ఎదురుగా మనిషి ఉన్నాడో లేడో చూసుకోవద్దా?"

కార్డులన్నీ ఒక్కటొక్కటిగా సిరాకు మారాయి. ఒకటి మాత్రం మిగిలింది. ఉప్పు బండ్లు సత్యవేడు మీదుగా వచ్చేవని మేడమ్ చాలా ఏళ్ల క్రితం ఒక వ్యాసం రాశారు. ఆమెకు పేరు తెచ్చింది అదే. నా వ్యాసమూ అక్కడి నుంచే మొదలయ్యేది. దానికి ఆమె చూపిన ఆధారం ఒక పాత ఆంగ్లేయ అధికారి ప్రయాణ వృత్తాంతం. అది తిరుపతిలో దొరకదు, మద్రాసు పోవాలి. కాలేజీలో పర్మనెంటు ఉద్యోగానికి ఇంటర్వ్యూలు దగ్గర పడుతున్నాయి. ఏదైనా పత్రిక వ్యాసాన్ని అంగీకరించి ఉంటేనే పిలుస్తారు. "ఆ పేజీ మీరు చూసిందే కదా మేడమ్, సిరాతో రాసేదా?" అని అడిగాను. "నా కండ్లు నీ కండ్లు ఒకటి కాదు. పోయి చూసిరా," అన్నారు.

మద్రాసు గ్రంథాలయంలో ఆ పేజీ తెరిచాను. సత్యవేడు ఉంది. బండ్లూ ఉన్నాయి. అయితే వాటిలో ఉన్నది వడ్లు. అవి పోతున్నది ఒడ్డు వైపుకు. ఉప్పు మాటే లేదు. ముందు పేజీలు, వెనక పేజీలు తిప్పాను. పుస్తకం మరో ముద్రణ కూడా తెప్పించుకుని చూశాను. లేదు.

తిరిగొచ్చి, నాతోపాటు పరిశోధన చేస్తున్న లోకనాథానికి చెప్పాను. "నీకేం పట్టిందబ్బా!" అన్నాడు. "పేజీ నెంబరు తీసేసి పుస్తకం పేరొక్కటి పెట్టు. ఎవురు పోయి చూస్తారు? ఇంటర్వ్యూ ముందర గురువును కెలుక్కుంటారా ఎవురైనా?" అతను చెప్పింది తెలివితక్కువ మాటేమీ కాదు. ఆమె ఒక్క మాట అడ్డం వేస్తే నాకు ఏ కాలేజీలోనూ చోటు ఉండదు.

మరుసటి సాయంత్రం మేడమ్ ఇంటికి వెళ్లాను. వరండాలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. ఆ పేజీలో ఉన్నవి వడ్ల బండ్లేనని నేను రాసుకొచ్చిన భాగం ఇచ్చాను. చదివారు. చేతులు కొంగుకు తుడుచుకుని లోపలికి పోయి డబ్బా తెచ్చారు. కర్పూరం వాసన గుప్పుమంది. ఆమె తీసిన కార్డు మీద నల్ల సిరా అక్షరాలు ముద్దుగా ఉన్నాయి.

"నాకు పరిశోధన నేర్పిన మా సార్ చెప్పినాడు," అన్నారు. "పేజీతో సహా నోటికి చెప్పినాడు. ఆయన చూసినాడంటే నేను చూసినట్లే అనుకున్నా."

"మేడమ్, ఆ భాగం నా వ్యాసంలోంచి తీసేస్తాను. ఎవరికీ తెలియదు."

"తీసేస్తే నా తప్పు ఆడ్నే ఉంటాది కదప్పా. రేపు ఇంకొకడొచ్చి ఎత్తుకుంటాడు. రాసుకో."

ఈ దారిని గురించి అలమేలు చెప్పిన దానికి ఆమె చూపిన పేజీలో ఆధారం లేదు. ఆమె చెప్పిన వాక్యం అది. నేను 'అలమేలు గారు' అని రాశాను. తొంగి చూసి, "గారు తీసెయ్. జాబితాలో ఎవురికీ గారు లేదు, నాకెందుకు?" అన్నారు. తర్వాత తన పాత వ్యాసం వివరాలు తానే చెప్పి జాబితాలో చేర్పించారు. "సంవత్సరం పక్కన చుక్క పెట్టలే నువ్వు," అని దానినీ పెట్టించారు. నేను లేచేటప్పటికి ఆమె ఆ సిరా కార్డు మీద అడ్డంగా ఒక గీత గీసి, ఖాళీ కార్డు తీసుకుని పెన్సిల్ చెక్కుకుంటున్నారు.

పునాది పోయిన వ్యాసం మళ్లీ కట్టాల్సి వచ్చింది. ఆలస్యమైంది. ఆ ఏడాది నన్ను ఇంటర్వ్యూకు పిలవలేదు. లోకనాథానికి ఉద్యోగం వచ్చింది. మిఠాయి పెడుతూ, "చెప్పినానా లేదా?" అన్నాడు. చెప్పాడు, నిజమే. ఇంట్లో నాయన చాలా రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. వ్యాసం అచ్చయ్యాక, గురువుకే ఎసరు పెట్టాడని శాఖలో చెప్పుకున్నారు. మేడమ్ మాత్రం ఆ సంచిక తన బల్ల మీదే ఉంచి, కొత్తగా చేరిన వాళ్లకు ఆ పేజీ తీసి చూపించేవారు. "ఈ అలమేలు ఎవురో కాదు, నేనే. చదువుకోండి," అనేవారు. మరుసటి ఏడాది నాకు ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూలో కూర్చున్న వాళ్లలో ఒకాయన ఆ వాక్యం మీద వేలు పెట్టి, "మీ మేడమ్‌కు తెలుసా ఇది?" అన్నాడు. "చెప్పి రాయించింది ఆమే సార్," అన్నాను.

ఇప్పుడు రిటైరయ్యాను. నా దగ్గర చదివిన పిల్లలు కొందరు వాళ్ల వ్యాసాల చివరి పేజీలు సరిచూడమని పంపుతారు. చుక్కలు, కామాలు కంప్యూటరే చక్కగా పెట్టేస్తుంది. నేను ఫోన్ చేసి ఒక్కటే అడుగుతాను, చూసినావా అని. కొందరు మళ్లీ ఫోన్ ఎత్తరు.

డైరీ రాయడం నాకు చిన్నప్పటి అలవాటు. మేడమ్ దగ్గర చేరాక దానిలోనూ ఆమె పద్ధతే వచ్చింది. నేను చూసింది సిరాతో రాస్తాను, విన్నది పెన్సిల్‌తో రాస్తాను. ఆమె పోయిన రోజు నేను చిత్తూరు ఆసుపత్రిలో ఉన్నాను, నా భార్యకు ఆపరేషన్. లోకనాథమే ఫోన్ చేసి చెప్పాడు. తిరుపతి చేరేసరికి అంతా అయిపోయింది. ఆనాటి పేజీలో, ఆసుపత్రి సంగతుల కింద, 'అలమేలు మేడమ్ పోయారట' అని ఒక వాక్యం ఉంది. పెన్సిల్ అక్షరాలు మసకబారుతున్నాయి. ఒకటి రెండుసార్లు పెన్ను తీశాను కూడా. దిద్దలేదు. నేను చూడలేదు.