ఎలిజబెత్ కొన్న పెద్ద క్యాబినెట్

పులివెందులలో ఎలిజబెత్ టైపు నేర్పేది. ఒకరోజు జమ్మలమడుగు బస్టాండులో ఎవరో నాయకుడి జీపు మీద వేసిన నాటుబాంబు గురి తప్పి జనంలో పడింది. బస్సు కోసం నిలబడ్డ ఎలిజబెత్ ఎడమచేతికి బొటనవేలూ చిటికెనవేలూ మాత్రం మిగిలాయి. ఇక ఇంటిపట్టున ఉండమన్నారు చుట్టాలు. ఆమె టైపు మిషన్లు అమ్మేసింది గానీ ఇంట్లో కూర్చోలేదు. కంప్యూటర్ నేర్చుకుంది. బడులకు ప్రశ్నపత్రాలు కొట్టిచ్చే పని పట్టుకుని, సొంత కంప్యూటర్ కోసం ప్రొద్దుటూరులో కమాల్ బాషా అంగడికి వచ్చింది.

లోపలి సామానంతా కుదిరింది. అవన్నీ బిగించే డబ్బా, అంటే క్యాబినెట్ దగ్గరే పేచీ వచ్చింది.

"చిన్నది తీసుకోక్కా. బల్ల మీద ఒక పక్కన పడుంటాది" అన్నాడు బాషా. "ఆ పెద్దది మోకాలెత్తుంది. శానా బరువు. నువ్వొక్కదానివే కదిలించలేవు. దుమ్ము కూడా ఎక్కువే చేరతాది."

అతను చెప్పిందంతా నిజమేనని ఆమెకు తెలుసు. ఆమె గది ఇరుకు. పెద్దది కింద పెట్టాలి, రోజూ కాలికి తగులుతుంది.

"రెండిటి మూతలూ తియ్యప్పా" అంది.

చిన్నదాంట్లోకి స్క్రూడ్రైవరుతో కుడిచెయ్యి దూరింది. ఎడమచెయ్యి పెట్టబోతే వైర్లకు తట్టుకుని ఆగిపోయింది. పెద్దదాంట్లో రెండు చేతులూ మణికట్ల దాకా దిగాయి. రెండు వేళ్లతో నొక్కిపట్టి, కుడిచేత్తో మర తిప్పి చూసుకుంది.

"నీకెందుకక్కా ఈ అవస్థ? రిపేరొస్తే నేనే వస్తా గదా."

"బందు పెట్టి బస్సులు నిలిపేస్తే యాడనుంచి వస్తావు?"

ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఎప్పుడు ఎవరు అంగళ్లు మూయిస్తారో తెలియని రోజులు.

"పెద్దదే ఇయ్యి. బిగించేది కూడా నేనే. పక్కన కూర్చోని చెప్పు."

సాయంత్రం బస్సు దిగేసరికి భర్త దాసయ్య ఎదురొచ్చాడు. డబ్బా చూసి, "ఏమే, బీరువా తెచ్చినావా?" అన్నాడు. ఇద్దరూ చెరోపక్క పట్టుకుని, రెండుచోట్ల దించి, ఇల్లు చేర్చారు. ఆ తర్వాత వానకు గది కారినప్పుడల్లా దాన్ని జరపడానికి అతన్ని పిలవాల్సి వచ్చేది. అతను సణిగేవాడు, ఆమె విననట్టే ఉండేది.

వేసవి పరీక్షల ముందు ఒక పార్టీ మనిషిని ఎవరో నరికారు. ఊరంతా మూతపడింది. సరిగ్గా ఆ రోజే మిషన్ కీచుకీచుమని తెర నల్లబడిపోయింది. ప్రశ్నపత్రాలు సగంలో ఉన్నాయి. బాషాకు ఫోన్ చేస్తే, "బండ్లు కదిలేదాకా రాలేనక్కా" అన్నాడు.

దాసయ్య డబ్బాను పక్కకు పడుకోబెట్టాడు. ఎలిజబెత్ మూత తీసి, దుమ్ము ఊది, ర్యామ్ అనే మెమరీ పలక ఊడదీసింది. దాని పళ్లను రబ్బరుతో రుద్ది, తిరిగి గాడిలో పెట్టి ఎడమ బొటనవేలితో గట్టిగా నొక్కింది. క్లిక్కుమంది. కరెంటు ఇస్తే తెర వెలిగింది.

"వచ్చిందే!" అన్నాడు దాసయ్య.

ఆమె అప్పటికే కుర్చీ లాక్కుని తర్వాతి ప్రశ్న కొడుతోంది. బందు ముగిసి, సోమవారం పిల్లలు పరీక్ష రాశారు. ఆ తర్వాత, "ఇచ్చట కంప్యూటర్లు బాగుచేయబడును" అని దాసయ్య చేత బోర్డు రాయించి వాకిట్లో తగిలించింది.