కాకుల కోసమనుకున్న మూత

మద్రాసు చెన్నై అయిన కొత్తల్లో, కీల్పాకులో ఒక బంగళా తోటలో బార్బెక్యూ వంట నేర్పుతున్నారని తెలిసి పేరిచ్చి వచ్చాను. మా ఆయన చేతిలో పేపరు దించకుండానే, "బొగ్గుల మీద మాంసం కాల్చడానికి క్లాసా? పెళ్ళయినప్పటి నుంచీ నువ్వు చేస్తున్నదేమిటి మరి?" అన్నారు.

"అప్పటి నుంచీ తింటున్నది మీరు. నన్నడుగుతారేం?" అన్నాను.

ఆయన మాటలో అబద్ధం లేదు. మా అత్తగారి వంటింట్లోకి మాంసం రాకూడదు. ఆదివారం వచ్చిందంటే వేరే గిన్నెలు, వేరే కత్తి, వేరే కుంపటి పట్టుకుని నేను పెరట్లోకి నడవాలి. ఆరుబయట వంట బంగళాల వాళ్ళకు సరదా. నాకు మాత్రం వెలి. అన్నేళ్ళు వెలివేస్తే ఎవరికైనా చేయి తిరుగుతుంది. నాకూ తిరిగింది, ఒక్క వంటలో తప్ప.

మా నాయన జార్జి టౌన్‌లో ఇనుప సామాన్ల కొట్లో పనిచేసేవాడు. వారమంతా ఇనుము, ఆదివారం మాంసం. పొట్టేలు తొడను పెద్ద ముక్కలు కొట్టించి, ఉప్పూ మిరియాలూ వెల్లుల్లీ పట్టించి, నిప్పుల మీద కమ్మీలు పరిచి కాల్చేవాడు. ముక్కలో రసం ముక్కలోనే ఉండేది, పొగ మాత్రం ఎముక దాకా పోయేది. ఎట్లా చేస్తున్నావని అడగాలని నాకు తోచేసరికి ఆయన లేడు. అవే దినుసులతో నేను చేస్తే పైన మాడు, లోపల పచ్చి. నాకు కొత్త వంటలు అక్కర్లేదు. ఆ ముక్క ఇంకొక్కసారి నోట్లో పడితే చాలు. క్లాసుకు వెళ్ళింది అందుకే.

బొగ్గు ముట్టుకోవడానికి గోళ్ళకు రంగు వేసుకుని వచ్చిన ఆడవాళ్ళ మధ్య నిలబడ్డాను. నేర్పే మాస్టరు హోటళ్ళలో వండి రిటైరైన మనిషి, చిత్తూరు వైపు ఆయన. నేను తెలుగని తెలియగానే నాతో అరవం మానేశాడు. అందరికీ తలా ఒక కుంపటీ, ఒక పళ్ళెం మాంసమూ ఇచ్చి, ముందు చిన్న ముక్క కాల్చుకుని రుచి చూసి ఉప్పు సరిచేసుకోమన్నాడు. నేను కాల్చి పక్కావిడ చేతికిచ్చాను.

"ఆయమ్మకెందుకిస్తావమ్మా? నువ్వు సూడు."

"వండేవాళ్ళు నోట పెడితే ఎంగిలి కాదా మాస్టర్?"

"ఈడేమన్నా దేవుడికి నైవేద్యం పెడతా ఉండామా? మరి మీ ఇంట్లో ఉప్పు సాలిందో లేదో ఎవురు సెప్తారు?"

"మా నాయన వండితే నేను చెప్పేదాన్ని. నోట్లో ముక్క పెట్టి అడిగేవాడు."

"ఇప్పుడో?"

"ఇప్పుడెవరూ ముందు చెప్పరు. పళ్ళెంలో పడ్డాక వంకలు పెడతారు."

మాస్టరు పెద్దగా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

తరువాత ఆయన తన కుంపట్లో నిప్పులన్నీ ఒక పక్కకు నెట్టి, మాంసం రెండో పక్క పెట్టి, పైన లోతైన మూత బోర్లించాడు.

"మూత వేస్తే నిప్పు ఆరిపోదూ?" అన్నాను.

"కింద సందుంది గదమ్మా, గాలి పోతాది. కొంచేపు మాట్లాడకుండా ఉంటావా?"

"మా ఇంట్లో కూడా అదే అడుగుతుంటారు."

ఆయన మూత తీశాడు. పొగ పైకి లేచింది. పట్టకారు పక్కన పెట్టి, ముందుకు వంగి పీల్చాను. అది మా నాయన పెరటి వాసన.

మా నాయనా మూత వేసేవాడు! కొట్టు నుంచి తెచ్చిన, సిమెంటు మోసే ఇనుప తట్ట ఒకటుండేది. ముక్కలు పెట్టగానే దాన్ని బోర్లించేవాడు. "కాకులొస్తాయి పాపా" అనేవాడు. నిజంగానే గోడ మీద కాకులు కాచుకుని ఉండేవి. అది వంటలో భాగమని ఆయనకు తెలుసో లేదో నాకు తెలియదు. నాకైతే అప్పుడు తెలియదు. అందుకే నా పెరట్లో కాకుల కోసం పొడుగాటి కర్ర పెట్టుకున్నాను. పెళ్ళయిన నాటి నుంచీ కాకుల్ని శ్రద్ధగా తోలాను, మాంసాన్ని మాత్రం మూత లేకుండా వదిలేశాను.

ఆ ఆదివారమే ఇనుప తట్ట సంపాదించి బోర్లించాను. తీసి, అత్తగారు గుమ్మంలోంచి చూస్తుండగానే ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. అదే అనిపించింది. కానీ నాకు అనిపిస్తే సరిపోదు, ఇంకొకరు అవునని అనాలి. మా ఆయన బాగుందన్నారు. ఉప్మాకు కూడా ఆయన అదే మాటంటారు. నాయన ఆదివారాలన్నీ తెలిసిన నాలుక నాది కాక ఇంకొక్కటే ఉంది. వేడి తగ్గకుండా స్టీలు డబ్బాలో పెట్టుకుని, బస్సెక్కి టి. నగర్‌లో మా చెల్లెలింటికి వెళ్ళాను.

అది నిలబడే తిన్నది.

"బాగుండాది అక్కా. కానీ నాయనది కాదు."

"ఎట్లా కాదు? హోటలు తిండి తిని తిని నీ నాలుక మొద్దుబారింది."

"నాయనది మాడు వాసనొచ్చేది. రవ్వంత చేదు. ఇది యాడ మాడింది?"

"నాయన ఏనాడూ మాడనిచ్చినవాడు కాదే! నా చేత్తో తిన్నాను."

"నేను కాలితో తిన్నానా? నువ్వు పెండ్లయి పోయినాక ఎన్నేండ్లు తిన్నా!"

"ముక్క మాడుతుంటే చూస్తూ కూర్చునే మనిషా నాయన?"

అది వేళ్ళు నాక్కుంటూ, ఏదో మామూలు సంగతి చెప్పినట్టు చెప్పింది. "నువ్వున్నప్పుడు మాటిమాటికీ మూత తీసి, నీ నోట్లో పెట్టి అడిగేవాడు గదా. నువ్వు పోయినాక ఎవుర్ని అడుగుతాడు? నాకు పొగ పడదు, పిలిచినా పెరట్లోకి పొయ్యేదాన్ని కాదు. మూత తియ్యకుండా అట్టా కూర్చుండిపోయేవాడు. మాడిపోయేది. మేమంతా అదే తినేది. నాకు నాయనంటే ఆ మాడే."

నేను డబ్బా దాని ముందుకు జరిపాను.

"ఎంత మాడేది?" అని అడిగాను.

అది మిగిలిన ముక్క తీసి అంచు చూపించింది. "ఈడ నల్లగుండాదే, దీనికన్నా ఇంకొంచెం."

ఆ అంచు కొరికి చూశాను. చేదు లేదు.

"ఇంకొంచెమంటే ఎంత? సరిగ్గా చెప్పు."

చెల్లెలు చెప్తూ పోయింది. వచ్చే ఆదివారం మూత ఎంతసేపు తియ్యకుండా ఉంచాలో లెక్క కట్టుకుంటూ విన్నాను.