తొండం నాది

గద్వాల నేతగాడు కురుమూర్తి ఏ వస్తువును బాగుచేసినా, చేసిన సంగతి దాని వెనక రాసి సంతకం పెట్టందే ఊరుకోడు. వాళ్ళింట్లో పీట తిరగేస్తే "మూడో కాలు కొత్తది. కురుమూర్తి" అని ఉంటుంది. గొడుగు తెరిస్తే లోపల "రెండు పుల్లలు మార్చిన. కురుమూర్తి" అని ఉంటుంది. వాన లేకపోయినా తెరిచి చదువుకోవచ్చు.

రాతతో ఆగినా బాగుండు! చీర కొనడానికి వచ్చినవాళ్ళకు "ఈడ పోగు తెగితే ముడేసిన, జూడుండ్రి" అని తనే వేలు పెట్టి చూపిస్తాడు. మరదలి పెళ్ళిచూపుల్లో, మగపెళ్ళివారు లడ్డూ నోట్లో పెట్టుకున్న వేళ చూసి, "పిల్లకు ముందటి పన్ను కట్టించిందే" అన్నాడు. అడిగినవాడెవడు? సంబంధం ఎలాగో కుదిరింది కానీ, భార్య కళావతి వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఇలాంటి మనిషితో పాండుకు స్నేహం. ఏం పాపం చేసుకున్నాడో! పక్కింట్లో మగ్గం నేసే ఈ పాండుకు ఒకటే పిచ్చి. వెనకట నూలు కట్టల మీద మిల్లువాళ్ళు అంటించి పంపిన దేవుళ్ళ బొమ్మ చీటీలు పోగుచేస్తాడు. ఆ పిచ్చి ఉన్నవాళ్ళు ఒకరితో ఒకరు మార్చుకుంటారు. దశావతారాల్లో పాండుకు తొమ్మిది దొరికాయి. కూర్మావతారం ఒక్కటే దొరకలేదు. పదిహేడేళ్ళు వెతికాడు. చివరికి, తొంభై ఒకటో సంవత్సరంలో, వనపర్తి డ్రాయింగ్ సారు జయరాజు దగ్గర రెండున్నాయని తెలిసింది. గజలక్ష్మి చీటీ ఇస్తే ఒకటిస్తానని సారు ఉత్తరం రాశాడు.

గజలక్ష్మి పాండు దగ్గర ఉంది. కానీ ఒక ఏనుగు తొండాన్ని ఎలుక కొరికేసింది. దాన్ని బాగుచేయగల చెయ్యి పాలమూరు జిల్లా మొత్తంలో ఒక్కటే.

"అన్నా, నీ కాల్మొక్త. వెనక మాత్రం ఏం రాయకు."

"రాయకుంటెట్లరా? తొండం నేనేసిందాయె."

"ఆ సంగతి సారుకు తెల్వద్దు!"

"గందుకే గద రాసుడు."

మూడు రోజులకు చీటీ తిరిగొచ్చింది. అతుకు భూతద్దం పెట్టినా కనబడదు. వెనక మాత్రం పెన్సిలుతో, గుండ్రంగా, "ఎడమ ఏనుగు తొండం నాది. కురుమూర్తి" అని ఉంది. పాండు పళ్ళు కొరుక్కుంటూ రబ్బరు పెట్టి తుడిచేశాడు.

ఆదివారం జయరాజు సారు పాండు ఇంటికి వచ్చాడు. గజలక్ష్మిని చూసి మురిసిపోయాడు. తన ఆల్బంలోంచి కూర్మం చీటీని సగం బయటికి లాగాడు. సరిగ్గా అప్పుడే గుమ్మంలో కురుమూర్తి!

"సార్, ఆ తొండం నాది."

సారు బిత్తరపోయాడు. చీటీ తిప్పి చూస్తే రబ్బరు మరక కనబడింది. కూర్మం మళ్ళీ ఆల్బంలోకి వెళ్ళిపోయింది.

పాండుకు ఒళ్ళు మండిపోయింది. "సాలు తియ్యన్నా! పదిహేడేండ్లాయె దీనికోసం తిరగవట్టి! అన్నీ నీకే తెల్సినట్టు మాట్లాడ్తవ్. నీకాడ పని నేర్సుకునేటప్పుడు సరస్వతి చీటీ ఇచ్చి నీ నరసింహుణ్ణి తీస్కపోయిన, యాదికున్నదా? ఆమె చేతిల వీణ అసలుది గాదు. క్యాలెండర్ల నుంచి కత్తిరించి అతికిన! కనిపెట్టినవా?"

కురుమూర్తి ఇంటికి పోయి, ఆ సరస్వతిని తెచ్చి, తిరగేసి పాండు ముందు పెట్టాడు. సిరా వెలిసిపోయినా అక్షరాలు తెలుస్తున్నాయి: "వీణ పాండు అతికిండు. మంచి చెయ్యి. ఇది ఎవ్వరికి ఇయ్యద్దు. కురుమూర్తి, 1974."

పాండు ఆ రాతను రెండుసార్లు చదువుకున్నాడు. ఇన్నేళ్ళూ ఈ మనిషిని బోల్తా కొట్టించానని లోలోపల ఎంత మురిసిపోయాడు!

"తెల్సి గూడ నన్నెందుకు అడగలే?"

"అప్పుడు నీకు పదిహేనేండ్లు. అడిగితే సిగ్గుతోని మల్ల మగ్గం దిక్కు వస్తుంటివా?"

"మరి సారుకెందుకు చెప్తివి?"

"నేను మోసపోతే అది నా ఇష్టం. సారు ఇష్టం మనమెట్ల చెప్తమురా?"

జయరాజు సారు పడీపడీ నవ్వాడు. కూర్మం చీటీ తీసి పాండు ఒళ్ళో పెట్టాడు. "తీస్కో. కానీ ఆ తుడిచింది నీ చేత్తోనే మళ్ళా రాసియ్యాలె."

పాండు తలొంచుకుని "ఎడమ ఏనుగు తొండం కురుమూర్తన్నది" అని రాశాడు. చీటీ సారు చేతిలో పెట్టబోయాడు.

"ఆగురా," అన్నాడు కురుమూర్తి. "మొదాలు రాసింది పాండు తుడిచిండని గూడ కింద రాయి."

పాండు ఆయన్ను కొరకొరా చూశాడు. చూస్తూ చూస్తూనే నవ్వొచ్చేసింది. పెన్సిలు మళ్ళీ చెక్కాడు.