పురుగు కొరికిన రేకు

కొన్నేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. ఇవాళ మీ ముందు దించుతున్నాను. నా పేరు అడగొద్దు. ఊరు వాకాడు దగ్గర, సముద్రం ఒడ్డున అని మాత్రం చెప్పగలను. వింటే మీకు నవ్వు రావచ్చు. ఒక పువ్వు గురించి ఇంత రాద్ధాంతమా అనిపించవచ్చు. నేనూ నాకు అలాగే సర్దిచెప్పుకున్నాను. గొంతు కోశానా, కొంప ముంచానా? మరి పడవ మీద పువ్వు కనబడితే చాలు, తల ఎందుకు తిప్పుకునేదాన్ని?

మా ఊళ్ళో పడవ ముక్కు మీద, అంటే ముందు కొస మీద, పువ్వు బొమ్మ వేయకుండా దాన్ని నీళ్ళలోకి దింపరు. ఎండాకాలంలో చేపల వేట మీద నిషేధం వస్తుంది కదా, అప్పుడు పడవలన్నీ ఒడ్డున ఉంటాయి. వలలు బాగుచేసుకుంటారు, పడవలకు రంగులు వేసుకుంటారు. ఆఖరున పువ్వు. దాన్ని పడవ ఉన్న ఇంటి ఆడమనిషి వేయాలి. చేతకాకపోతే పోలమ్మక్క వేస్తుంది. ఎవరికీ చేతకాదు కాబట్టి అన్ని పడవలకూ ఆమే వేసేది.

పోలమ్మక్కది మా పక్కిల్లు. ఏడాదంతా చేపలు ఎండబెట్టి అమ్ముకునే మనిషి. ఆ ఎండాకాలం రోజుల్లో మాత్రం మహారాణి. కుంచె చెవి మీద పెట్టుకుని ఒడ్డున నడుస్తుంటే మగవాళ్ళు కూడా దారి ఇచ్చేవాళ్ళు. నాకు నేర్పాలని ఆమెకు భలే ఆశ. నేను వేసిన పువ్వు అచ్చం తిరగబడ్డ పీతలా ఉండేది. ఆమె పగలబడి నవ్వి, తుడిచేసి, మళ్ళీ వేయమనేది. అప్పటికే ఆమె కళ్ళకు పొర కమ్ముతోంది. తన తర్వాత ఎవరు వేస్తారన్నదే ఆమె దిగులు. ఆ దిగులు నాకు తెలుసు. తెలిసే చేశాను. ఇది గుర్తుపెట్టుకోండి.

అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. చేతిలో కొత్త ఫోను. ఇసుక దిబ్బల మీద బిళ్ళగన్నేరు విరగబూసి ఉంటే ఒక పువ్వును దగ్గరగా ఫోటో తీశాను. ఫోటోను రంగుల బొమ్మలా మార్చే ఫిల్టర్ ఒకటి దొరికింది. స్క్రీన్ మీద చిన్న చుక్కను వేలితో జరపాలి. పూర్తిగా జరిపితే రేకులు కరిగి రంగు ముద్ద అవుతాయి, తక్కువ జరిపితే ఫోటో ఫోటోలాగే ఉంటుంది. మధ్యలో ఒక చోట ఆపాను. అబ్బ! గులాబీ రంగు మీద కుంచె గీతలు, వెనక ఇసుక పసుపు పూసినట్టు. ఒక రేకు అంచును పురుగు కొరికింది. ఫిల్టర్ ఆ కొరుకును కూడా కావాలని వేసినట్టు అందంగా మార్చింది. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నేనే వేసినంత సంతోషం కలిగింది. అందులో తప్పేం లేదు. ఇప్పటికీ లేదనే అంటాను.

తప్పు తర్వాత మొదలైంది. ఆ బొమ్మను వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను. నువ్వే వేశావా అని మా చిన్నాన్న కూతురు అడిగింది. అవునని రాయలేదు, కాదనీ రాయలేదు. ఒక నవ్వు బొమ్మ పెట్టాను. ఆ నవ్వు బొమ్మే అవునన్నట్టయి, మాట ఇంటిదాకా వచ్చింది. నాన్న ఫోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసి చూసి, ఒడ్డుకు పోయి, ఈసారి మా పడవకు నా కూతురే పువ్వు వేస్తుందని అందరికీ చాటుకున్నాడు. అప్పుడైనా చెప్పొచ్చు కదా? నాన్న మొహం చూసి ఆగిపోయాను. నాన్న మీద ప్రేమ అనుకున్నాను. కాదు, పరువు భయం. నాన్న పరువు కూడా కాదు, నాదే.

సూళ్లూరుపేటలో స్టిక్కర్లు కొట్టే షాపుకు పోయి ఆ పువ్వును పెద్దదిగా వేయించుకొచ్చాను. మిట్టమధ్యాహ్నం, ఊరంతా అన్నాలు తిని నడుం వాల్చిన వేళ, పడవ ముక్కు మీద అతికించాను. అంచులు తెలియకుండా పైన వార్నిష్ పూశాను. చేతులకు కావాలనే రంగు పూసుకున్నాను. ఎంత తెలివి చూడండి.

సాయంత్రం పోలమ్మక్క వచ్చింది. మొహం పువ్వుకు ఆనించేంత దగ్గరగా పెట్టింది. వేళ్ళతో తడిమింది.

“ఏందిమే ఇది, ఇంత నున్నంగా వేసినావు? గీత చేతికే తగలడం లా!”

నేను చేతుల రంగు గుడ్డకు తుడుచుకున్నాను.

“పురుగు కొరికిన రేకు గూడా వేసినావే! నాకు ఇన్నేండ్లలో ఈ ఆలోచన రాలా. ఎవురు నేర్పించినారు నీకు?”

“నువ్వే గదక్కా.”

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. ఎవరూ బలవంతం చేయలేదు. ఊరుకుంటే సరిపోయేది. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

“ఇంక నాకు దిగుల్లేదు. నేను వేసేది దీని ముందర ఏం నిలబడతాది? ఇంక నువ్వే వెయ్యాల.”

ఇంటికి పోయి, పాత చీర గుడ్డలో చుట్టిన కుంచెలు తెచ్చి నా చేతిలో పెట్టింది. తీసుకున్నాను.

ఆ తర్వాత ఆమె పువ్వు వేయలేదు. ఎవరడిగినా నా పేరే చెప్పింది. నేను పరీక్షలన్నాను, ఆ పైన తడ దగ్గర ఫ్యాక్టరీలో ఉద్యోగమన్నాను, హాస్టల్లో చేరిపోయాను. పోలమ్మక్క ఒడ్డుకు రావడమే మానేసిందని అమ్మ ఫోన్లో చెబితే ‘పాపం’ అన్నాను. నేనే! ఉప్పునీళ్ళకు స్టిక్కర్ అంచు లేచినప్పుడు నాన్న బ్లేడుతో గీకి పారేశాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. కానీ ఆ ఏడాది నుంచి నా బొమ్మల గురించి ఎవరికీ గొప్పలు చెప్పడం లేదు.

వేసేవాళ్ళు లేక మిగతా వాళ్ళూ స్టిక్కర్ల కోసం అదే షాపుకు పోయారు. ఊరి పేరు చెప్పగానే షాపువాడు కంప్యూటర్లో ఉన్న నా పువ్వే తీసి కొట్టిచ్చాడట. ఒకరిని చూసి ఒకరు. అలా నా బిళ్ళగన్నేరు ఊరి పడవలన్నిటి మీదకూ ఎక్కింది. ఒడ్డుకు రాని పోలమ్మక్కకు ఈ సంగతి తెలియదు.

ఈ ఎండాకాలం సెలవు పెట్టి ఇంటికి వచ్చాను. పోలమ్మక్కకు కంటి ఆపరేషన్ అయింది. చూపు బాగా వచ్చింది. నన్ను చూడగానే చెయ్యి పట్టుకుంది. నా పువ్వును అప్పుడు మసగ్గా చూసిందట, ఇప్పుడు సరిగ్గా చూడాలట, ఒడ్డుకు తీసుకుపొమ్మంది. ఏదో సాకు చెప్పబోయాను. ఆమె అప్పటికే చెప్పులు వేసుకుంది.

మొదటి పడవ దగ్గర నిలబడి మురిసిపోయింది. రెండో దాని దగ్గర కొంచెంసేపు ఆగింది. మూడో పడవ దగ్గర ఆ కొరికిన రేకు మీద వేలు పెట్టి, వెనక్కి తిరిగి మొదటి పడవ వైపు చూసింది. అదే రేకు, అదే కొరుకు. మనిషి చెయ్యి ఒకే పువ్వును రెండుసార్లు వేయలేదని నాకు నేర్పింది ఆమే.

“అక్కా, అది నేను వేసింది కాదు,” అన్నాను. “ఫోన్లో చేసింది. అప్పుడు మా పడవకు వేసిందీ అంతే.”

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. రేకు మీద నుంచి వేలు తీసేసింది.

“నా కుంచెలు యాడుండాయి?”

“ఇంట్లోనే, అక్కా.”

“తెచ్చియ్యి.”

పరుగున పోయి తెచ్చాను. గుడ్డ ముడి కూడా విప్పలేదు నేను, ఇన్నేళ్ళూ. ఆమె విప్పి చూసుకుంది. వెంట్రుకలు బిరుసెక్కి ఉన్నాయి. మళ్ళీ చుట్టుకుని, నా వైపు చూడకుండా, ఒక్కతే ఇంటికి నడిచింది. సాయంత్రం మా గుమ్మం ముందు నుంచే పోయింది, పలకరించలేదు.

ఆమెకు చెప్పింది రెండు ముక్కలే. మిగతాదంతా మీకు చెప్పాను. క్షమించమని ఆమెను అడగలేదు, మిమ్మల్నీ అడగను. అడిగే మొహం లేదు. కానీ సిగ్గు విడిచి ఒకటి చెబుతాను. ఇవాళ పొద్దున ఒడ్డుకు పోయి పడవలన్నీ చూశాను. ఆమెకు చెప్పేశాను కదా, తల తిప్పుకోలేదు.